సమస్యాపూరణం: పొయ్యి నార్పి రొట్టె పొంగఁ గాల్చె

సమస్య ఇచ్చినవారు (ఇటుకగూడు):
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

*పొయ్యి నార్పి రొట్టె పొంగఁ గాల్చె*

చమత్కారంతో దాటేయకండి, ఇది నిజంగా జరిగే పనే. 2013లో బీబీసీలో వచ్చిన ‘ట్యూడర్ మొనాస్టరీ ఫార్మ్’ ధారావాహిక చూసినవారికి ఈ ఇటుక గూటి పొయ్యి లోకం కొత్త కాదు. రూత్ గుడ్‌మన్, పీటర్ గిన్, టామ్ పిన్‌ఫోల్డ్ 1500 నాటి, అంటే ఇంగ్లండును ట్యూడర్ రాజులు ఏలిన కాలపు పద్ధతుల్లో సేద్యం, వంట చేసి చూపించారు. తీసింది ఇంగ్లండులో వెస్ట్ ససెక్స్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ ఆరుబయలు మ్యూజియంలో. అక్కడి ఇళ్లు చాలావరకు వేరే ఊళ్ల నుంచి విప్పి తెచ్చి నిలబెట్టినవి. బేలీఫ్ అనే ఇల్లయితే కెంట్‌లోని బౌ బీచ్ జలాశయం కింద మునగాల్సింది. సాగర్ నీళ్లు రాకముందే నాగార్జునకొండ కట్టడాలను అనుపుకు తరలించినట్టే.

షరతు ఒకటే: పద్యంలో పొయ్యి పని తీరు తప్పకూడదు.

ఎండుపుల్ల:

ఎండు కట్టె పేర్చి రెండు గంటలు మంటఁ
బెట్ట మసియు మాడి వెల్లనైన
యిటుక గూటినుండి యీడ్చి నిప్పులు దీసి
పొయ్యి నార్పి రొట్టె పొంగఁ గాల్చె

ఇటుకగూడు:
మొదటి పూరణతోనే సగం పని అయిపోయింది. ‘ఎండు–రెండు’ ప్రాసయతి ముచ్చటగా ఉంది. రెండో పాదం మరీ నచ్చింది. ఈ పొయ్యిలో మంట పక్కన ఉండదు, రొట్టె కాలే గూట్లోనే సన్నపుల్లల మోపులు వేసి మండిస్తారు. ముందు కప్పు ఇటుకలు మసి పట్టి నల్లబడతాయి. వేడి ఎక్కేకొద్దీ ఆ మసే కాలిపోయి ఇటుక మళ్లీ తెల్లబడుతుంది. నిప్పు బయటికి లాగడానికి అదే గుర్తు. పై కప్పు తెల్లబడి, నేలకు దగ్గరగా గోడ ఇంకా నల్లగా ఉంటే తొందరపడకూడదు.

ఒక్క మాట చేర్చాలి. పైపైన తెల్లబడినంత మాత్రాన వేడి ఇటుక లోతుకు దిగినట్టు కాదు. లావు దుంగలు కాకుండా సన్నపుల్లలు వాడేది మంట కప్పంతా సమానంగా పరుచుకోవాలని. అప్పటికీ తొందరపడితే రొట్టె పైన ఎర్రబడి లోపల పచ్చిగా మిగులుతుంది.

చెరువుగట్టు:

నీటి కుండతోడ నిప్పుల నణగించి
గోడ వేడి నింత కోలుపోక
మునుపె పిండిముద్ద ముదమున లోనుంచి
పొయ్యి నార్పి రొట్టె పొంగఁ గాల్చె

ఇటుకగూడు:
గణాలూ యతులూ సరిపోయాయండి, కానీ పొయ్యి పగిలిపోయింది! కాగిన ఇటుక మీద కుండెడు నీళ్లు కుమ్మరిస్తే నెర్రెలిస్తుంది, నేలంతా బూడిద బురదవుతుంది, దాచిన వేడి ఆవిరై పోతుంది. నిప్పును లాగేయాలి, తడపకూడదు. తరువాత నేల తుడవడానికి కర్రకు కట్టిన తడిగుడ్డ చాలు, అదీ గట్టిగా పిండి.

భాష మాటకొస్తే, మొదటి పాదంలోనే నిప్పు ఆరింది కనక నాలుగో పాదంలో ‘ఆర్పి’ పునరుక్తి. ‘ముదమున’ ఊరికే గణం నింపింది. ‘లోనుంచి’ అంటే లోపల ఉంచి అనా, లోపలి నుంచి అనా?

చెరువుగట్టు: రెండోది నాకే తట్టలేదు, నవ్వొచ్చింది. మరి బొగ్గు పొయ్యితో రాస్తే?

ఇటుకగూడు: విక్టోరియా కాలపు ఇనుప పొయ్యిలో నిప్పు ఒక అరలో, రొట్టె పక్క అరలో. రొట్టె కాలుతున్నంతసేపూ నిప్పు మండుతూనే ఉండాలి. అక్కడ మన సమస్య అబద్ధమైపోతుంది. దీనికి ట్యూడర్ గూడే కావాలి.

జల్లెడ:

పిండి చల్లి చూడ నల్లబడినయంత
ఆగ వలయు, దోర యైన యపుడె
యదనుఁ జూచినట్టి యమ్మ లోన నమర్చి
పొయ్యి నార్పి రొట్టె పొంగఁ గాల్చె

ఎండుపుల్ల: మొదటి పాదంలో యతి లేదు. ‘పి’కి ‘న’ చెల్లదు. ప్రాసయతి అనుకుందామన్నా ‘ండ’కు ‘ల్ల’ కుదరదు. ఇలా మార్చి చూడండి: *పిండి చల్లి చూడ వెంటనే నలుపైన*. పకార వకారాలకు మైత్రి ఉంది, ఇ–ఎ స్వరాలూ కలుస్తాయి.

ఇటుకగూడు: సవరణ బాగుంది, పైగా ‘వెంటనే’ అన్న మాటలోనే పరీక్ష అంతా ఉంది. చిటికెడు పిండి నేల మీద చల్లగానే నల్లబడితే వేడి ఎక్కువ. తలుపు తీసి కాసేపు ఆగాలి. మెల్లగా దోరరంగుకు వస్తే అదను. ఎంతకీ తెల్లగానే ఉంటే ఇక ఆ పూటకు రొట్టె లేదు, మళ్లీ మంట పెట్టాల్సిందే. ‘దోర’ మాట వేసినందుకు జల్లెడ గారికి పూర్తి మార్కులు.

రిమోటు:

రెండు గంటల పని రెప్పపాటునఁ జూపి
తెరను కత్తిరించి తీర్చె టీవి;
కట్టె మండ లేదు. కానరా దా బూది
పొయ్యి నార్పి రొట్టె పొంగఁ గాల్చె

ఇటుకగూడు:
షరతు తప్పించుకున్న తీరు భలే! వ్యంగ్యం నిజమే. టీవీలో పుల్ల అంటుకోవడం, రొట్టె బయటికి రావడం పక్కపక్కనే కనిపిస్తాయి, మధ్య కాలం కోతకు పోతుంది. కానీ ఏడాది పొడుగునా ఋతువుల వెంట సాగే సేద్యాన్ని మనం మ్యూజియంలో ఒక్కరోజు నిలబడి చూడలేం, అది టీవీ చలవే. అక్కడికి వెళ్లేవారు మాత్రం ప్రదర్శన ఉన్న రోజు కనుక్కుని, పొద్దున పొయ్యి అంటించే వేళకు చేరండి. మధ్యాహ్నం పోతే మీకూ దక్కేది టీవీ చూపించిన రొట్టే. వింక్‌హర్స్ట్ వంటశాలలో ట్యూడర్ వంటలు వండి చూపిస్తారు, అక్కడి నీటిమరలో గోధుమలు విసిరిన పిండి అమ్ముతారు.

ఇక నా పూరణ:

తలుపు సందులందుఁ దడిమట్టి మెత్తి యా
వేడి జారనీక వేచియుండి
యిటుక దాచుకొన్న యెండ చాలని నమ్మి
పొయ్యి నార్పి రొట్టె పొంగఁ గాల్చె

జల్లెడ: ‘ఇటుక దాచుకొన్న యెండ’కు దండం! కానీ నమ్మి ఊరుకుంటే చాలదు కదా, కాలిందని తెలిసేదెలా?

ఇటుకగూడు: తీసిన రొట్టెను బోర్లించి అడుగున వేలితో తట్టాలి. డొల్లగా మోగితే కాలినట్టు, మొద్దుగా మోగితే లోపల తడి ఉన్నట్టు. అయితే ఊరికే తలుపు తీసి చూడకూడదు, తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ రాదు, కింద నిప్పు లేదు కనక.

చెరువుగట్టు: నాదొక పాఠాంతరం. సందులకు మట్టి బదులు పిండి మెత్తడమూ ఉంది, మన దమ్ బిర్యానీ గిన్నె మూతకు అంటించినట్టు. *దడిపిండి మెత్తి యా* అంటే గణం మారదు, యతి చెడదు.

ఇటుకగూడు: మారుస్తున్నాను. ఈసారి పొయ్యి పగల్లేదు!