ఫ్రిస్కోకి కొత్త: 14 గ్రూపుల్లో ఉన్నాను, మాట్లాడే మనిషి లేదు

కొత్తగా_ఫ్రిస్కో:
అందరికీ నమస్కారం. భర్త హెచ్‌1బీ ఉద్యోగ వీసా వెంట ఇచ్చే హెచ్‌4 వీసా మీద, టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి వచ్చి రెండు నెలలైంది. బాబుకి మూడేళ్లు. ఉన్నది ఒకటే కారు, అది పొద్దున్నే ఆఫీసుకి వెళ్లిపోతుంది. వాట్సాప్‌లో 14 గ్రూపుల్లో చేరాను. రోజూ వందల మెసేజీలు, కానీ సాయంత్రం దాకా నోరు విప్పి మాట్లాడేది బాబుతోనే. ప్రీస్కూల్ ఫారంలో తల్లిదండ్రులు కాకుండా ఇద్దరు ఎమర్జెన్సీ కాంటాక్టుల పేర్లు అడిగారు. ఎవరి పేరు రాయాలో తెలియలేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ప్లేనో_పాతకాపు:
అమ్మా, ఆ ఫారంలో ఖాళీగా ఉన్న రెండు గీతలే మీ లక్ష్యం అనుకోండి. ఆ రెండు పేర్లు దొరికితే చాలు, మిగతా పరిచయాలు వాటి వెనకే వస్తాయి.

ముందు 14 గ్రూపుల సంగతి. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు. అంతమంది ఉన్నచోట ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, నోటీసు అంటించి పోతారు. దాన్ని బస్టాండులో గోడ అనుకోండి. మూడు ఉంచుకోండి: మీ అపార్ట్‌మెంటుదో కాలనీదో ఒకటి, మీ ఊళ్లో చిన్నపిల్లల తల్లులది ఒకటి, గుడిదో తెలుగు సంఘానిదో ప్రకటనల గ్రూపు ఒకటి. మిగతావి "ఎప్పటికీ" అని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. బయటికి రావాల్సిన పనిలేదు, మంచం అమ్మకానికో అద్దె ఇంటికో వెతుక్కునే రోజు పనికొస్తాయి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ దగ్గర "మై కాంటాక్ట్స్" పెట్టుకుంటే ముక్కూమొహం తెలియనివాళ్లు మిమ్మల్ని పదిహేనో గ్రూపులోకి లాగలేరు.

ఇక అడిగే పద్ధతి. "ఫ్రిస్కోలో తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంటే రెండు దండాల బొమ్మలు వస్తాయి, అంతే. ఇక్కడ తెలుగువాళ్లకి కరువా! ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా పడదు. ఇలా రాయండి: "మా బాబుకి మూడేళ్లు. మంగళవారం 10 గంటలకి లైబ్రరీలో కథల క్లాసుకి వెళ్తున్నాం, 11 తర్వాత పక్కన పార్కులో ఓ గంట ఉంటాం. ఆ ఈడు పిల్లలున్నవాళ్లు ఎవరైనా వస్తారా?" రోజు, వేళ, చోటు, పిల్లాడి వయసు ఉండాలి. ఫ్లాట్ నంబరు మాత్రం గ్రూపులో పెట్టకండి.

ఇద్దరో ముగ్గురో జవాబిస్తారు. ఆ రోజే వాళ్లకి విడిగా మెసేజీ పెట్టండి. మూడు రోజులు ఆగితే ఆ మాట కింద మూడొందల మెసేజీలు చేరతాయి, వాళ్లూ మరిచిపోతారు. అన్నిటికంటే ప్రమాదం "తప్పకుండా కలుద్దామండీ" అనే మాట. తేదీ లేని ఆ మాట కలవకుండా ఉండటానికి పెట్టుకున్న మర్యాద.

ఒక లెక్క చెప్తాను, నిరుత్సాహపడకండి. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం పరిచయం మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి, స్నేహితులం అనుకోవడానికి 90 దాకా, దగ్గరి స్నేహానికి 200 పైన. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు కలిస్తే మొదటి 50 గంటలకే మూడు నెలలు పడుతుంది. రెండు నెలలకి ఎవరూ దగ్గర కాలేదంటే అందులో మీ లోపమేమీ లేదు, ఇంకా గంటలు పడలేదు. అందుకే ఒక మనిషితో ఒకసారి పెద్ద లంచ్ కంటే, ప్రతి మంగళవారం అదే చోట కలిసే చిన్న అలవాటు మేలు.

ఓరుగల్లు_ఆడబిడ్డ:
పెద్దాయన చెప్పింది మంచిగనే ఉంది గని, లైబ్రరీకి పోయేది ఎట్ల? ఫ్రిస్కోల డార్ట్ (డాలస్ రవాణా సంస్థ) రైలు లేదు, బస్సు లేదు. ఎండకాలంల పిల్లగాన్ని తీస్కొని ఆ రోడ్ల మీద నడిచే ముచ్చటనే లేదు. చెల్లె, ముందుగాల లైసెన్సు తీస్కో. దోస్తులు తర్వాత.

టెక్సాస్‌ల రాత పరీక్ష 30 ప్రశ్నలు, 70 శాతం అంటే 21 రావాలె. నీకు 25 ఏండ్లు నిండితే డ్రైవింగ్ స్కూల్ కోర్సు తప్పనిసరి కాదు. రోడ్డు పరీక్షకు పోయేముందు గంటసేపు ఆన్‌లైన్ వీడియో ఒకటి ఉంటది, ఇంపాక్ట్ టెక్సాస్ అంటరు. అది చూసిన సర్టిఫికెట్ లేకుంటే పరీక్ష పెట్టకుండ వాపస్ పంపుతరు. రోడ్డు పరీక్షల ప్యారలల్ పార్కింగ్ ఉంటది, చానామంది తప్పేది ఆడనే. రెండు చెత్తడబ్బాలు పెట్టుకొని వాటి నడుమ ఓ ఇరవై సార్లు చేసినంక పో.

ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేకున్నా లైసెన్సు వస్తది. అసలు తంటా అడ్రస్ రుజువులతోని. రెండు కాయితాలు అడుగుతరు, హెచ్‌4 ఆడోళ్ల ఇంట్ల అన్నీ భర్త పేరు మీదనే ఉంటయి. లీజుల నీ పేరు చేర్పియ్యి, బ్యాంకుల జాయింట్ ఖాతా తెరువు, కరెంటు బిల్లు మీద నీ పేరు కూడ వేయించు. లైసెన్సు గడువు నీ ఐ-94 (ఈ దేశంల ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాయితం) తారీఖు దాకనే ఉంటది, అది గుర్తుంచుకో.

అప్పటిదాకా కారు తిప్పలు ఎట్ల? మీ ఆయనను వారంల ఒక్కరోజు ఆఫీసుల దింపి కారు నువ్వు తెచ్చుకునుడు లైసెన్సు వచ్చినంకనే కుదురుతది. ఇప్పటికైతే నడిచిపోయే దూరంల ఉన్నోళ్లను దొరకబట్టు. అపార్ట్‌మెంట్ ఆటస్థలం కాడ సాయంత్రం ఆరింటికి రోజూ అదే టైముకు పో. ఒకరోజు ఆరుకు, ఒకరోజు ఏడుకు పోతే ఎవ్వరు కనవడరు.

ఇగ బతుకమ్మ. టీపాడ్ అనే తెలంగాణ సంఘం వాళ్లు డాలస్‌ల పెద్దగ చేస్తరు. వేలమంది నడుమ చీర కట్టుకొని తిరిగితే ఫోటోలు వస్తయి, దోస్తులు రారు. ముందటి వారం పూలు సర్దేటోళ్ల కాడికి, ప్రసాదం పొట్లాలు కట్టేటోళ్ల కాడికి వాలంటీరుగ పో. చేతుల పని ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటది. టాంటెక్స్ అనే తెలుగు సంఘం వాళ్లు నెల నెలా తెలుగు వెన్నెల అని సాహిత్య సభ పెడ్తరు, పుస్తకాలంటే ఇష్టముంటే ఆడ గుంపు చిన్నది, మాట కలుస్తది. సిలికానాంధ్ర మనబడిల పిల్లలకు తెలుగు చెప్పుడు కూడ వాలంటీర్ పనే. వారం వారం అదే మనుషులు కలుస్తరు. నన్నడిగితే స్టేజీ ప్రోగ్రాం కంటే ఇదే పది రెట్లు నయం.

గోదారి_వంటిల్లు:
ఇంటికి పిలవడం దగ్గర చాలామంది తప్పు చేస్తారండి. మొదటిసారే పన్నెండుమందిని, పదకొండు రకాల వంటతో పిలుస్తారు. పిలిచినావిడ పొయ్యి దగ్గరే ఉండిపోతుంది, వచ్చినవాళ్లు "అమ్మో, మనం తిరిగి ఇంత చెయ్యాలేమో" అని భయపడి మళ్లీ రారు. మొదటిసారి టీకే పిలవండి. ఇద్దరు ఆడవాళ్లు, పిల్లలు. శనివారం నాలుగు నుంచి ఐదున్నర అని ముగింపు వేళ కూడా చెప్పండి. ఇక్కడివాళ్లకి ఎప్పుడు లేవచ్చో తెలిస్తేనే రావడం సులువు. నలుగురికి టీ అంటే రెండు కప్పుల పాలు, రెండు కప్పుల నీళ్లు, నాలుగు టీస్పూన్ల పొడి, దంచిన అల్లం ముక్క. పక్కన బిస్కెట్లో, ఒక రకం ఉప్మానో. అంతే.

తిరగమోత మూకుడు పొగ వచ్చేదాకా కాగనివ్వకండి. స్మోక్ అలారం మోగితే పిల్లలు ఏడుస్తారు, కబుర్లు అక్కడితో సరి. ముందే ఎగ్జాస్ట్ వేసి కిటికీ తీసి పెట్టండి.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. మీ అపార్ట్‌మెంటులో విజిటర్ పార్కింగుకి పర్మిట్ కావాలా అని ఆఫీసులో కనుక్కోండి. చాలాచోట్ల కారు నంబరు ముందుగా ఎక్కించాలి, లేకపోతే టో చేసుకుపోతారు. టీకొచ్చిన మనిషి వందల డాలర్లు కట్టి కారు విడిపించుకుంటే ఆ స్నేహానికి అక్కడితో మంగళం.

రెండు మూడుసార్లు కలిశాక పాట్‌లక్ పెట్టుకోవచ్చు. పదిమందికి ఒక్కొక్కరు ఒక్క ఐటెమే. పులిహోర మీ వంతు అయితే రైస్ కుక్కర్ కప్పుతో నాలుగు కప్పుల బియ్యం సరిపోతుంది, మిగతా వంటలు ఉంటాయి కదా. వేరుశనగ, జీడిపప్పు వేస్తే ముందే చెప్పండి, పిల్లల్లో ఎలర్జీలు ఉంటాయి. శాకాహారం గరిటెలు విడిగా.

తెలుగువాళ్లే ఉండాలనీ లేదండోయ్. పక్కింటి మెక్సికన్ ఆవిడకో, ఎదురింటి పెద్దావిడకో మీ పేరు, ఫోన్ నంబరు చీటీ మీద రాసి నాలుగు జంతికలు ఇవ్వండి. అర్ధరాత్రి పైపు పగిలితే ముందు వచ్చేది పక్కింటివాళ్లే. ఫేస్‌బుక్‌లో మీ పేటకి బై నథింగ్ గ్రూపు ఉందేమో చూడండి. అమ్మకం ఉండదు, ఇచ్చిపుచ్చుకోవడమే. పిల్లాడికి చిన్నవైపోయిన చొక్కాలు ఇవ్వడానికీ సైకిల్ తెచ్చుకోవడానికీ బాగుంటుంది.

కాగితాల_కట్ట:
ఒంటరిగా ఉన్నవాళ్లని వెతుక్కుంటూ వచ్చేవాళ్ల గురించి కూడా చెప్పాలి.

ఇండియన్ స్టోర్‌లోనో పార్కులోనో ఒక జంట నవ్వుతూ "తెలుగువారా? ఏ ఊరు?" అని కలుస్తారు. ఐదు నిమిషాల్లో నంబరు తీసుకుంటారు, వారం లోపు కాఫీకి పిలుస్తారు. "మెంటర్", "అదనపు ఆదాయం", "ఇంట్లో కూర్చునే" అనే మాటలు రాగానే అది గొలుసుకట్టు అమ్మకాల వ్యవహారం. "మాకు ఆసక్తి లేదండీ" అని ఒక్కసారి గట్టిగా చెప్పండి, మొహమాటపడితే నెలలు తిరుగుతారు. పైగా ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) లేని హెచ్‌4కి అలాంటి సంపాదన అనుమతి లేని పని కిందికి వస్తుంది. వాట్సాప్‌లో పచ్చళ్లు, పొడులు అమ్మడం, ఇన్‌స్టా రీల్స్‌కి డబ్బు పుచ్చుకోవడం కూడా అదే చిక్కు, లాయర్ని అడగకుండా మొదలుపెట్టకండి. వాలంటీరు పనికి కూడా ఒక హద్దుంది. గుడి, సంఘం, లైబ్రరీ లాంటిచోట ఎవరైనా ఉచితంగానే చేసే పని పర్వాలేదు. కంపెనీలో జీతం ఉండాల్సిన పనిని "ఊరికే చేస్తా" అనడం కాదు.

గ్రూపుల్లో "నాకు డాలర్లు కావాలి, ఇండియాలో రూపాయలు ఇస్తాను, రేటు ఎక్కువ" అని వస్తుంది. ముట్టుకోవద్దు. జెల్‌లో, అంటే బ్యాంకు యాప్ నుంచి, పంపిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. అవతల వచ్చిన రూపాయలు మోసం సొమ్మైతే ఇండియాలో మీ నాన్నగారి ఖాతా స్తంభిస్తుంది. "పొరపాటున మీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ వచ్చింది, పంపండి" అంటే అది మీ వాట్సాప్ ఖాతాయే లాగేసుకునే ఎత్తు. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే ఇవ్వకండి, వాళ్లది అప్పటికే పోయి ఉంటుంది. సెట్టింగ్స్, అకౌంట్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ ఈ పూటే పెట్టుకోండి.

వీసా సంగతి. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచీ అడుగుతున్నారు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 స్టాంపింగుకి (కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోవడానికి) వెళ్లేవాళ్లు ప్రొఫైళ్లు పబ్లిక్‌గా పెట్టాలి. అంటే బాబు ఫోటోలు, మీ ఇంటి ఆనవాళ్లు ఎవరైనా చూడొచ్చు. ఇండియా టికెట్ కొనుక్కున్నాక హడావిడి పడకుండా, ఇప్పట్నించే బడి పేరు, ఇంటి నంబరు, లొకేషన్ కనిపించే పోస్టులు పెట్టడం మానేయండి. ఖాతాని ఫారంలో దాచడం మాత్రం చెయ్యకండి, అది పోస్టు కంటే పెద్ద తప్పు అవుతుంది.

ప్లేనో_పాతకాపు:
ఇంటికి ఫోన్ గురించి ఎవరూ చెప్పలేదు. రోజంతా అమ్మతో వీడియోలో ఉండటం హాయిగానే ఉంటుంది, కానీ ఆ గంటలన్నీ ఇక్కడి మనుషుల ఖాతాలోంచి పోతాయి. వేళ పెట్టుకోండి. అక్కడి ఉదయం 8 గంటలు మంచిది, కాఫీ అయిపోయి ఉంటుంది. అది మనకి చలికాలంలో ముందురోజు రాత్రి 8:30, ఎండాకాలంలో 9:30. ఇక్కడ గడియారం మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం మారుతుంది. ఆ సంగతి వాళ్లకి ముందే చెప్పకపోతే గంటసేపు ఫోన్ పట్టుకుని కంగారుపడతారు.

ఇన్‌స్టా మాట కూడా: అందులో కనిపించే పట్టుచీరల ఇళ్లల్లోనూ ఎమర్జెన్సీ కాంటాక్ట్ గీతలు ఖాళీగా ఉన్నవి బోలెడు.

కొత్తగా_ఫ్రిస్కో:
అందరికీ చాలా థాంక్స్. మంగళవారం మెసేజీ ఇప్పుడే పెట్టాను, ఇద్దరు వస్తామన్నారు! ఒక్కసారి వచ్చి రెండోసారి రాకపోతే ఏం చెయ్యాలి? అడగొచ్చా?

ఓరుగల్లు_ఆడబిడ్డ:
ఎందుకు రాలే అని అడగకు చెల్లె. "వచ్చే మంగళవారం గూడ పోతున్నం" అని ఒక్కటే మెసేజ్ పెట్టు. రెండుసార్లు పెట్టి చూడు, మూడోసారి ఇడిసిపెట్టు. పిల్లలకు జొరాలు, మొగుని ఆఫీసు, కారు లేకపోవుడు, సవాలక్ష ఉంటయి.

గోదారి_వంటిల్లు:
ఆ ఫారం గురించి ఒక్క ముక్క. పేరు రాసేముందు వాళ్లని అడిగి ఒప్పించండి. బాబుని తీసుకురావడానికి వాళ్లు వెళ్తే ఆఫీసులో ఫోటో ఐడీ చూస్తారు, పేరు అక్షరం అక్షరం కలవాలి. మనవాళ్లలో చాలామందికి ఇంటిపేరూ అసలు పేరూ పాస్‌పోర్టులో తారుమారుగా ఉంటాయి కాబట్టి, వాళ్ల లైసెన్సు ఫోటో తెప్పించుకుని అందులో ఉన్నట్టే రాయండి. మీ ఫోన్‌లో "పార్కు అక్క" అని సేవ్ చేసుకున్న పేరు అక్కడ చెల్లదు.