స్కూల్ లైబ్రరీకి కంప్యూటర్ పనులు: ఏది ముందు నేర్చుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం అండి. ఖమ్మం జిల్లాలో ఒక గురుకులంలో లైబ్రేరియన్‌గా చేస్తున్నా. బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) 2009లో అయింది, అప్పట్లో సాఫ్ట్‌వేర్ అంటే మాకు థియరీ పేపరే, సిస్టమ్ ముందు కూర్చుంది తక్కువ. ఇప్పుడు ప్రిన్సిపల్ మేడమ్ పుస్తకాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించమన్నారు, 4,200 దాకా ఉన్నాయి, అన్నీ యాక్సెషన్ రిజిస్టర్‌లోనే (వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నంబరు వేసి రాసే రిజిస్టర్). లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కి ఒకరేమో కోహా అంటారు, ఒకరు ఈ-గ్రంథాలయ అంటారు, ఇంకొకరు ఏఐ రాకపోతే కష్టం అంటారు, పైగా ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసు నాకే వేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్.

జవాబు:
మేడమ్, నేను గుంటూరు వైపు హైస్కూల్లో 19 ఏళ్లుగా చేస్తున్నా. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు రిజిస్టర్‌ని ఎక్సెల్‌లోకి ఎక్కించండి. అది చేతిలో ఉంటే రేపు ఎందులోకైనా తీసుకెళ్లొచ్చు. యాక్సెషన్ నంబర్, టైటిల్, రచయిత, పబ్లిషర్, సంవత్సరం, ధర, ఐఎస్‌బీఎన్ (పుస్తకం వెనక బార్‌కోడ్ దగ్గరుండే నంబరు), బీరువా నంబర్, ఇవి చాలు. ఒకే పుస్తకం 5 కాపీలుంటే 5 వరసలు కొట్టాలి, ఎందుకంటే రేపు పోయేది ఒక కాపీయే కదా.

తెలుగు టైటిళ్లు యూనికోడ్‌లోనే కొట్టండి, ఫోన్‌లో మనం వాడే తెలుగు అదే. ప్రెస్సుల్లో వాడే డీటీపీ ఫాంట్లలో కొట్టిన పాత లిస్టు ఉంటే అది చూడ్డానికి తెలుగులాగే ఉంటుంది గానీ వెతికితే ఒక్కటీ దొరకదు. ఐఎస్‌బీఎన్ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి, లేకపోతే 13 అంకెల్నీ ఎక్సెల్ లెక్కల్లో సంఖ్య అనుకుని కుదించేస్తుంది. ఇంకోటి, సీఎస్‌వీగా (వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి వాడే సాదా ఫైలు) సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని రాసి ఉన్నదే ఎంచుకోవాలి. నేను మామూలుది పెట్టేసరికి 600 తెలుగు టైటిళ్లు వరసగా ప్రశ్నార్థకం గుర్తులైపోయాయి, వేరే కాపీ దాచుకోలేదు, వేసవి సెలవుల్లో కూర్చుని మళ్లీ కొట్టాను. మీకు ఆ బాధ వద్దు, రోజూ ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

జవాబు:
అక్కా, సార్ చెప్పింది కరెక్ట్. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే మీది ప్రభుత్వ గురుకులమైతే ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) వాళ్ల ఈ-గ్రంథాలయ గురించి ముందు అడగండి, అది ప్రభుత్వ లైబ్రరీల కోసమే చేసింది. కోహా కూడా ఉచితమే, 2000లో న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు లైబ్రరీలో మొదలైంది, కానీ విండోస్ మీద కాకుండా లైనక్స్ మీద నడుస్తుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేసి చూసుకునే మనిషి ఒకరు దగ్గర్లో ఉండాలి, లేకపోతే సిస్టమ్ ఆగిన రోజు పుస్తకాలు ఇవ్వడం ఆగిపోతుంది. కోహాకి వెళ్తే మీ ఎక్సెల్‌ని మార్క్‌ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో లైబ్రరీ రికార్డులుగా మార్చి ఎక్కించొచ్చు. బయటి లైబ్రరీల కేటలాగుల నుంచి పుస్తకాల రికార్డులు దించుకోవచ్చంటారు, ఇంగ్లీషు పుస్తకాలకి బాగానే వస్తాయి, తెలుగువి మాత్రం అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికినా ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, మన పిల్లలు అలా వెతకరు, చేత్తో కొట్టుకోవాల్సిందే.

ఏఐ గురించి నా అనుభవం ఒకటి చెప్తా. పోయినేడాది తొమ్మిదో తరగతి అమ్మాయి చాట్‌బాట్ ఇచ్చిందని 5 తెలుగు పుస్తకాల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకొచ్చింది, బీరువాలన్నీ వెతికాం, అందులో రెండు అసలు ఎవరూ రాయనే లేదు. పాపం ఆ పిల్ల మన దగ్గరే లేవనుకుంది. అప్పట్నుంచి నా లైబ్రరీ పీరియడ్లలో ఒకటి దానికే, ఒక పుస్తకం నిజంగా ఉందో లేదో ఎలా చూసుకోవాలి అని, నేషనల్ డిజిటల్ లైబ్రరీలో వెతికించి చూపిస్తా. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లది అది. వాళ్ల క్లబ్‌లో స్కూల్ తరఫున చేరితే మనకి వెబినార్లు కూడా ఉంటాయి. చిన్న తరగతులకి స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి, తెలుగు కథలున్నాయి, ప్రింట్ తీసుకోనిస్తారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ, గుండె కాస్త కుదుటపడింది. నిన్న రాత్రి స్టడీ అవర్‌లో 60 పుస్తకాలు కొట్టాను. ఒక్క డౌటు, రచయిత పేరు పాత పుస్తకాల మీద ఇంటిపేరు ముందుంది, కొత్త వాటి మీద పొడి అక్షరాలే ఉన్నాయి, ఏది కొట్టాలి?

జవాబు:
ఇంటిపేరుతో పూర్తి పేరే కొట్టండి మేడమ్, అందరికీ ఒకటే పద్ధతి. పుస్తకం మీద ఎలా ఉందో అది పక్కన ఇంకో కాలమ్‌లో రాయండి, పిల్లలు అలాగే అడుగుతారు కాబట్టి రెండు రకాలుగానూ దొరకాలి.