మైలేజీ తగ్గడానికి కారణం బండిలో ఉందా, నడిపే తీరులో ఉందా?

సందేహి:
తయారీదారు ప్రకటించిన మైలేజీ లీటరుకు 20 కిలోమీటర్లు కాగా, నా పెట్రోలు కారు 15 దాటడం లేదు. సర్వీసింగ్ సకాలంలోనే జరుగుతోంది; ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేయించినా తేడా కనిపించలేదు. లోపమంతా నేను నడపడంలోనే ఉందని మెకానిక్ అంటున్నారు. ఆయన మాటను ఒప్పుకొనే ముందు ఏమేమి పరిశీలించాలి? అసలు ఆ 20 అన్న అంకె నమ్మదగినదేనా?

గేరుమార్పు:
అంకె అబద్ధం కాదు గాని, అది రోడ్డు మీద పుట్టినదీ కాదు. ప్రయోగశాలలో బండిని రోలర్ల మీద నిలిపి, ముందే నిర్ణయించిన వేగాల క్రమంలో నడిపి, వెలువడిన పొగలోని కర్బన పరిమాణాన్ని బట్టి ఇంధన వినియోగాన్ని లెక్కగడతారు. ఐరోపాలో దీర్ఘకాలం అమలైన ఎన్.ఇ.డి.సి. పరీక్షలో బండి 20 నిమిషాలలో 11 కిలోమీటర్లే నడిచేది. 2017 నుంచి దాని స్థానంలోకి వచ్చిన డబ్ల్యు.ఎల్.టి.పి. పరీక్ష 30 నిమిషాల పాటు, సుమారు 23 కిలోమీటర్ల మేర సాగుతుంది కనుక వాస్తవానికి కొంత దగ్గరైంది. అయినా అందులోనూ ఏసీ వేయరు. రెండు బండ్లను పోల్చుకోవడానికి ఆ అంకె పనికివస్తుంది, అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు.

స్పానర్:
పావు వంతు లోటు మొత్తాన్ని పరీక్ష మీదికి నెట్టివేయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అలా సరిపెట్టుకున్న బండ్లలో నిజమైన లోపం ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతుంది. ఫిల్టరు మార్చినా మైలేజీ పెరగకపోవడంలో మాత్రం వింత లేదు. కార్బ్యురేటర్ల కాలంలో ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు పాలు పెరిగిపోయేది. నేటి ఇంజన్లలో లోపలికి వచ్చే గాలికి తగ్గట్టు కంప్యూటరే ఇంధనాన్ని తగ్గిస్తుంది కనుక, మురికి ఫిల్టరు వల్ల పికప్ తగ్గుతుందే తప్ప మైలేజీ పెద్దగా తగ్గదు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) ప్రవాహాన్ని అదుపు చేసే కవాటమైన థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజన్ తగినంత వేడెక్కదు. చల్లగా ఉందన్న లెక్కతో కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఎక్కువగా బ్రేకు వేయకుండా కొంత దూరం నడిపి ఆపాక ఒక చక్రం మిగిలిన వాటికన్నా బాగా వేడిగా ఉంటే, అక్కడ బ్రేకు పట్టేసి ఉన్నట్టే. టైర్లలో గాలి, వీల్ అలైన్‌మెంట్, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచి కంప్యూటర్‌కు చెప్పే ఆక్సిజన్ సెన్సరు ఆ తరువాతివి.

దూరప్రయాణి:
ఇద్దరూ కారణాలలోకి వెళ్లారు గాని, 15 అన్న అంకె ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. డ్యాష్‌బోర్డు చూపే సగటు చాలా బండ్లలో కాస్త ఎక్కువ తక్కువలుగా ఉంటుంది. ట్యాంకు నింపి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ అదే బంకులో ఆటో కట్‌ఆఫ్ వరకు నింపి భాగించాలి. ఒక్కసారితో తేల్చకుండా కొన్ని ట్యాంకుల సగటు తీసుకోవాలి.

ఇక నడిపే తీరు విషయంలో మెకానిక్ మాటను తేలిగ్గా తీసివేయలేము. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 80 నుంచి 100కు వెళితే వేగం నాలుగోవంతే పెరిగినా నిరోధం 56 శాతం పెరుగుతుంది. పైన క్యారియర్ బిగించి ఉంటే చెప్పనక్కరలేదు. ఊరి లోపల నష్టమంతా బ్రేకుల దగ్గరే, ఎందుకంటే పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగాన్ని అక్కడ వేడిగా మార్చి పారబోస్తున్నాము. ముందున్న సిగ్నలును దూరం నుంచే గమనించి యాక్సిలరేటరు వదిలేసేవారికి ఈ ఖర్చు చాలావరకు తప్పుతుంది.

సందేహి:
ట్యాంకు లెక్కతోనే 15 వచ్చింది. నా ప్రయాణాలు ఎక్కువగా మూడు నాలుగు కిలోమీటర్లవే. వాలులో న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్‌ను విశ్రాంతిగా ఉంచుతాను, అయినా లాభం కనబడలేదు.

గేరుమార్పు:
న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండాలంటే ఐడిలింగ్‌కు పెట్రోలు తాగక తప్పదు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి.

దూరప్రయాణి:
పూర్తిగా అంగీకరించలేను. స్వల్పమైన వాలులో గేరులో ఉంటే బండి త్వరగా నెమ్మదించి మళ్లీ యాక్సిలరేటరు తొక్కవలసి వస్తుంది, కాబట్టి ఆదా పరంగా న్యూట్రల్ గెలిచే సందర్భాలూ ఉన్నాయి. అయితే దిగుడు బాటలో ఇంజన్ పట్టు లేకుండా బ్రేకుల మీదే ఆధారపడే ప్రమాదాన్ని ఆ కొద్దిపాటి పెట్రోలు కోసం కొనితెచ్చుకోమని ఎవరికీ సలహా ఇవ్వను.

స్పానర్:
సందేహి గారూ, మూడు నాలుగు కిలోమీటర్ల ప్రయాణమంటే ఇంజన్ వేడెక్కేలోగానే ఆపేస్తున్నారన్నమాట. ఆ దశలో గాలి-పెట్రోలు మిశ్రమం చిక్కగా, అంటే పెట్రోలు పాలు ఎక్కువగా ఉంటుంది, ఆయిలు చల్లబడి ఒరిపిడి ఎక్కువగా ఉంటుంది. దగ్గరి పనులను కలిపి ఒకే విడతలో ముగించుకుని చూడండి. దానితోపాటు ఒక దూరప్రయాణంలో కూలెంట్ ఉష్ణోగ్రతను, బండి కంప్యూటర్‌లోని వివరాలు చూపే స్కానర్‌తో చూడండి. అరగంట తరువాత కూడా అది 80 డిగ్రీలకు చేరకపోతే థర్మోస్టాట్ మార్చండి. మామూలుగానే ఉండి, ఆ ప్రయాణంలో మైలేజీ 18 దాకా వస్తే, మీ మెకానిక్‌తో వాదించడానికి ఇక ఏమీ మిగలదు.