భూమిపుత్ర: మలేసియాలో ఈ మాటకి ఏమైంది?

మలేసియా వార్తల్లో "బుమిపుత్ర" అని తరచూ కనబడుతోంది. ఇది మన భూమిపుత్రుడేనా అండీ? అర్థం కూడా అదేనా?

— మాట అదేనండీ, సంస్కృతం నుంచి వెళ్లిందే. అర్థమే వేరే దారి పట్టింది. మనకి భూమిపుత్రుడంటే జాతకంలో కుజుడు, పురాణంలో నరకుడు, మీటింగుల్లో రైతు. అక్కడ మాత్రం అది సర్కారు లెక్క. మలయ్ వాళ్లూ, సబా, సరావాక్ రాష్ట్రాల స్థానికులూ అందులోకి వస్తారు. చైనా, భారత మూలాల వాళ్లు రారు. తమాషా ఏంటంటే, మలేసియా రాజ్యాంగం 153వ అధికరణంలో మలయ్, సబా, సరావాక్ వాళ్లకి "ప్రత్యేక స్థానం" ఉంది గానీ ఈ మాట లేదు. 1969 మే 13న మలయ్, చైనా మూలాల వాళ్ల మధ్య జరిగిన అల్లర్ల తర్వాత, 1971లో కొత్త ఆర్థిక విధానం వచ్చాక దీనికి బరువొచ్చింది. యూనివర్సిటీ సీటు నుంచి కొత్త ఇంటి మీద డిస్కౌంటు దాకా పాకింది.

— ఈ లెక్కలోకి రానివాళ్ల కోపమొక్కటే చూస్తే ఎలా? 1970లో కంపెనీల వాటాల్లో భూమిపుత్రులకి ఉన్నది 2.4 శాతం. పెద్ద భాగం విదేశీయులదే. 1990కి 30 శాతం కావాలనుకోవడంలో తప్పేముంది?

— అంటే స్థానికులకే ఉద్యోగాలన్న మన హైదరాబాద్ ముల్కీ లాంటిదేనా?

— దగ్గరే గానీ ఒక తేడా ఉంది. నిజాం కాలపు ముల్కీ నిబంధనల్లో 15 ఏళ్లు స్థిర నివాసముంటే బయటివాడు కూడా ముల్కీ కావచ్చు. "ముల్క్" అంటే దేశం, అక్కడ ఉంటే చాలు. "పుత్ర" అన్నాక ఇక పుట్టుకే కదా! మలేసియాలో బాగాన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో పనికెళ్లిన మన తెలుగువాళ్ల మునిమనవలు అక్కడే పుట్టారు, మలయ్ గలగలా మాట్లాడతారు, పాస్‌పోర్టూ ఆ దేశానిదే. అయినా ఆ లెక్కలోకి రారు. పైగా గొడవొస్తే "పెందాతాంగ్" అంటారు, వచ్చినవాళ్లని. ఇక తోటలేమో టౌన్‌షిప్పులయ్యాయి, కూలికి ఇండొనేసియా, బంగ్లాదేశ్ వాళ్లొచ్చారు. పెట్టుబడులు రావాలని 2009లో 27 సేవా ఉపరంగాల్లో కంపెనీలో భూమిపుత్రులకి 30 శాతం వాటా ఉండాలన్న నిబంధన ఎత్తేశారు. డబ్బుకి ఎవరి పుత్రుడివని అడగరన్నమాట. తోటలో పనిపోయిన వాడి దగ్గర పెట్టడానికి పెట్టుబడెక్కడిది?

— నేనొకటి కలుపుతా. మలయ్‌లో జాతిని "బంగ్సా" అంటారు, అది మన "వంశ". దేశం "నెగారా", మన "నగర". ఎవరు స్థానికులో చెప్పే మాటలన్నీ ఓడెక్కి వచ్చినవే!

— ఇంకోటుంది మాస్టారూ. మలేసియా అడవుల్లో అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్లని "ఓరాంగ్ అస్లీ" అంటారు. ఓరాంగ్ అంటే మనుషులు. అస్లీ అరబ్బీ మాట, మనం రోజూ అనే "అసలు" కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. అంటే అసలు మనుషులు. ఆ 153వ అధికరణంలో వాళ్ల ఊసే లేదు.