బి.ఆర్. హిల్స్‌లో సోలిగ ఆదివాసుల కథలు వినాలంటే ఎవరిని అడగాలి?

నమస్కారం అండీ. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. అమ్మను తీసుకుని చామరాజనగర జిల్లాలోని బిళిగిరి రంగన కొండలకు, అంటే బి.ఆర్. హిల్స్‌కి వెళ్లాలనుకుంటున్నాం. సఫారీ, గదుల సంగతి మేం చూసుకుంటాం. నేను అడిగేది వేరే.

అక్కడి సోలిగలు తమ పిల్ల కుసుమాలెను ఆ కొండ మీది గుడిలోని రంగనాథస్వామి పెళ్లాడాడని, అందుకే ఆయన తమకు బావ అని చెప్పుకుంటారు. స్వామి అడవిలో తిరుగుతాడని ఆయనకు పెద్ద పెద్ద తోలు చెప్పులు సమర్పిస్తారట. మా అమ్మది ఆళ్లగడ్డ. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్న కథ, సంక్రాంతప్పుడు మొదలయ్యే పారువేటలో స్వామి ఊరూరా తిరిగి పెళ్లికి పిలవడం, ఇవన్నీ చూస్తూ పెరిగింది. సోలిగల కథను వాళ్ల నోటే వినాలని ఆవిడకి చాలా ఆశ.

బి.ఆర్. హిల్స్ అడవి 2011 నుంచి టైగర్ రిజర్వ్. అదే ఏడాది సోలిగలకు అక్కడ అటవీ హక్కులు కూడా దక్కాయి. కాబట్టి వాళ్ల పోడుల్లోకి (వాళ్ల గూడేలను అలా అంటారు) చెప్పాపెట్టకుండా వెళ్లడం నాకు అస్సలు ఇష్టం లేదు. ముందుగా ఎవరిని అడగాలి? అటవీశాఖ వాళ్లనా, పోడు పెద్దలనా? కథ చెప్పినవాళ్లకు డబ్బు ఇస్తే తప్పుగా అనుకుంటారా?

సోలిగలు పూజించే దొడ్డ సంపిగె (పెద్ద సంపెంగ) చెట్టు దాకా మోకాళ్ల నొప్పులున్న మనిషి నడవగలదా? అమ్మకు కన్నడ రాదు, నాదీ అంతంతమాత్రమే. మాటలు అర్థమయ్యేలా చెప్పగల స్థానికులు దొరుకుతారా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.