1937–38 సోవియట్ ప్రక్షాళనలు: స్టాలిన్ అనుమానమా, అంతకు మించినదా?

పాతపుస్తకం (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నాన్నగారి బీరువాలోని సోవియట్ తెలుగు పుస్తకాలు చదువుతూ పెరిగినవాణ్ణి. వాటిలో 1937–38 ప్రక్షాళనల ఊసే, అంటే స్టాలిన్ పాలనలో ‘శత్రువులు’ అన్న ముద్రతో జరిగిన సామూహిక అరెస్టులు, కాల్చివేతల ఊసే ఉండేది కాదు. 1934లో జరిగిన కమ్యూనిస్టు పార్టీ పదిహేడవ మహాసభను ‘విజేతల మహాసభ’ అని పిలుచుకున్నారు. దానికి వచ్చిన 1,966 మంది ప్రతినిధులలో 1,108 మంది తర్వాత అరెస్టయ్యారని 1956లో అప్పటి పార్టీ అధినేత క్రుశ్చేవే వెల్లడించాడు. వీరిలో అత్యధికులు స్టాలిన్‌కు జేజేలు పలికినవారే. ఒక పాలకుడు తనవాళ్లనే ఎందుకు తుడిచిపెడతాడు? ‘అనుమానపు మనిషి’ అనే జవాబుతో నాకు తృప్తి కలగడం లేదు.

గోదారిగట్టు:
అనుమానం నిజమే గాని, దానికి మేత వేసిన పరిస్థితులు చాలా ఉన్నాయి. పొలాలను బలవంతంగా సమష్టి క్షేత్రాలలో కలిపి, కులక్కుల (సంపన్న రైతుల) పేరుతో లక్షల కుటుంబాలను ఊళ్ల నుంచి తరిమి, 1932–33 కరవులో లక్షలాది మందిని ఆకలికి వదిలేసిన ప్రభుత్వానికి, తనపై కసి పెంచుకున్నవారు దేశమంతటా ఉన్నారని ఎవరూ చెప్పనక్కరలేదు. 1937 జనవరి జనగణనలో జనాభా దాదాపు 16.2 కోట్లని తేలింది. అనుకున్నదానికంటే బాగా తక్కువ కావడంతో ఆ లెక్కను తొక్కిపెట్టి, లెక్కించినవారిని అరెస్టు చేశారు. పడమట హిట్లర్, తూర్పున జపాన్ ఉండగా, స్పెయిన్ అంతర్యుద్ధంలో పుట్టిన ‘పంచమాంగ దళం’ (లోపల ఉంటూ శత్రువుకు సాయపడేవాళ్లు) అనే మాట మాస్కోలో బాగా నాటుకుంది. యుద్ధం వస్తే వెనుక నుంచి పొడిచేవాళ్లు ఉండకూడదన్నది వాళ్ల లెక్క. అప్పటి సోవియట్ ప్రధాని మొలతోవ్ ముసలితనంలో కూడా ఇదే సమర్థన వినిపించాడు.

కంచుకాగడా:
గోదారిగట్టు గారి మాటలతో ఏకీభవిస్తూనే, ఆ భయం ఇంత మందిని మింగడానికి కారణం కోటా పద్ధతి అంటాను. 1937 జూలై 30న ఎన్‌కేవీడీ (రహస్య పోలీసు శాఖ) ఇచ్చిన 00447 నంబరు ఉత్తర్వు చూడండి. ఒక్కో ప్రాంతం పేరు ఎదుట రెండు గడులు: మొదటిది కాల్చివేతకు, రెండవది ఎనిమిది నుంచి పదేళ్ల శిబిర శిక్షకు. మాస్కో ప్రాంతం ఎదుట 5,000, 30,000 అని ఉంటుంది. పేర్లు లేవు, నేరాలు లేవు, అంకెలే. ఆ అంకెలు నింపే పేర్లు కింది అధికారులు వెతుక్కోవాలి. తక్కువ పట్టుకున్నవాడు శత్రువును దాచినవాడవుతాడు కనుక వాళ్లు కోటా చాలదని పైకి రాసేవారు, పైనుంచి మంజూరయ్యేది. పశ్చిమ సైబీరియా పార్టీ కార్యదర్శి ఐఖే అలాంటివాడే; 1938లో తనే అరెస్టయ్యాడు. తన విరిగిన పక్కటెముకలు అతుక్కోలేదని తెలిసి మరీ విచారణాధికారి హింసించాడని స్టాలిన్‌కు ఉత్తరం రాసుకున్నాడు. 1940 ఫిబ్రవరిలో కాల్చేశారు.

నిజాంకాలేజీ:
మనవైపు మనిషి ఒకరున్నారు. సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ హైదరాబాదులోనే పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బెర్లిన్ నుంచి బ్రిటిష్ వ్యతిరేక పోరాటం నడిపిన ఆయన, తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో జాతిశాస్త్ర పరిశోధనలో స్థిరపడ్డారు. 1937 జూలైలో అరెస్టు చేసి, సెప్టెంబరు 2న కాల్చేశారు. జర్మనీలో అన్నేళ్లు గడిపిన విదేశీయుణ్ణి గూఢచారిగా చూడటానికి ఆ ఏడాది ఎవరూ వెనుకాడలేదు.

పాతపుస్తకం:
కంచుకాగడా గారూ, అలాగైతే కింది అధికారుల అత్యుత్సాహమే అసలు కారణమంటారా?

కంచుకాగడా:
అనను. 1938 నవంబరు 17న పైనుంచి ఒక్క తీర్మానం రాగానే సామూహిక కాల్చివేతలు ఆగిపోయాయి. కళ్లెం ఎవరి చేతిలో ఉందో అక్కడే తెలుస్తుంది. ‘అతిక్రమణల’ నింద ఎన్‌కేవీడీ మీద పడింది. దాని అధిపతి యెజోవ్‌నూ కాల్చేశారు, ఐఖే చనిపోయిన నెలలోనే.