అప్‌డేట్: ఓటీపీ రాకుండానే కార్డులో డాలర్లు కట్ అయిన విషయం తేలింది

తిరుపతిలో లాడ్జి కౌంటర్‌లో కార్డు రెండు వైపులా జెరాక్స్ తీసుకున్నారు, పది రోజులకి ఓటీపీ లేకుండా రెండు విదేశీ చెల్లింపులు పోయాయి అని అడిగాను కదా. డబ్బు వెనక్కి వచ్చింది. సాయం చేసిన అన్నలకి, అక్కలకి థ్యాంక్స్.

పనిచేసింది "ముందు బ్లాక్ చెయ్, వెంటనే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ కొట్టు" అన్న సలహా. అక్కడిచ్చిన ఫిర్యాదు నంబర్‌ని బ్యాంకు డిస్ప్యూట్ ఫారంతో (ఈ చెల్లింపులు నేను చేయలేదు అని ఇచ్చేది) జత చేశాను. తప్పు మనది కాకుండా, బ్యాంకుదీ కాకుండా బయట ఎక్కడో వివరాలు పోతే, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లోపు చెబితే మన మీద భారం సున్నా. ఇది ఆర్‌బీఐ 2017 జులై సర్క్యులర్‌లోది. 10 పనిదినాల్లో తాత్కాలికంగా జమ చేయాలి, నాకు ఎనిమిదో రోజు పడింది.

బ్యాంకు చెప్పిందేమంటే, కార్డు నంబర్, గడువు తేదీ, సీవీవీ (కార్డు వెనక ఉండే మూడు అంకెలు) చేత్తో కొట్టి వాడారు. విదేశీ సైట్లు చాలావాటికి ఓటీపీ అక్కర్లేదు. ఎప్పుడో సింగపూర్ వెళ్లేటప్పుడు ఆన్ చేసిన ఇంటర్నేషనల్ స్విచ్ (కార్డుతో విదేశీ చెల్లింపులు జరగనిచ్చే సెట్టింగ్) అలాగే ఉండిపోయింది, అసలు దారి అదే. వివరాలు ఎక్కడ పోయాయో మాత్రం బ్యాంకు తేల్చలేదు.

కార్డుని మెషీన్‌కి తాకించి కట్టే ట్యాప్‌లో వివరాలు పోయాయేమో అన్న అనుమానం అనవసరం: వెనక ముద్రించిన సీవీవీ ట్యాప్‌లో వెళ్లదు. సిమ్ మార్చడం, ఫోన్ ఫార్మాట్ చేయడం కూడా దండగ.

కొత్త కార్డు సీవీవీ గుర్తుపెట్టుకుని, దాని మీద నల్ల టేపు ముక్క అంటించాను. జెరాక్స్ అడిగితే ఆధార్ ఇవ్వండి, కార్డు ఇవ్వొద్దు.